తడి గీత

నీళ్లకు హద్దు గీసిన దేవునికి స్తోత్రం. కాలువ అడుగున ఉన్నదాన్నీ మనిషి గుండె అడుగున ఉన్నదాన్నీ ఒకే చూపుతో చూడగల ఆయనకు స్తోత్రం. ఈ వయసుదాకా నన్ను మోసుకొచ్చినందుకు, మూసుకుపోయిన నా నోటిని ఇంత ఆలస్యంగానైనా తెరిపించినందుకు స్తోత్రం. మందిరంలో నేను చాలాసార్లు సాక్ష్యం చెప్పాను. ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పాను, కాన్పు కష్టమై బతికి బయటపడ్డప్పుడు చెప్పాను, స్త్రీల కూడికల్లో అడిగినప్పుడల్లా చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది వాటిలాంటిది కాదు. ఇందులో నేను గెలిచిందేమీ లేదు.

శివారు పాలెం అబ్రహాం మావయ్య పోయాడని నాకు తెలిసేసరికి సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. ఊరి నుంచి ఫోను చేసినవాళ్లు వేరే పని మీద చేసి, మాటల మధ్యలో ఆ సంగతి చెప్పారు. గవర్నర్‌పేటలో మా ఇంటి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. కింద ఆటోల గోల, హోటల్లోంచి కాగిన నూనె వాసన, ఎవరో పార్సిల్ కోసం అరుస్తున్నారు. నలభై ఏళ్లుగా ఆయనకు ఒక్క మాట చెప్పాలనుకుంటూ, వచ్చే వేసవికి, వచ్చే పండక్కి అని జరుపుకుంటూ వచ్చాను. ఆయన నా కోసం ఆగలేదు. ఆయన పోయిన తొమ్మిదో రోజున బస్సెక్కి ఊరికి వెళ్లాను.

కాలువ లాకుల దగ్గర దిగాను. మేము పుట్టి పెరిగిన లస్కరు క్వార్టరు లేదు. ఆ జాగాలో సిమెంటు గచ్చు వేసి, ఇనుప స్తంభానికి ఒక తెల్ల పెట్టె బిగించారు. పక్కన కుర్చీలో ఒక కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. కాంట్రాక్టు మీద కొత్తగా చేరాడట. నీళ్ల లోతు చూసే గేజీ పలక ఏదయ్యా అని అడిగాను. "ఆ రేకా మేడమ్? ఎప్పుడో పీకేశారు. ఇప్పుడంతా ఇదే. నీళ్లెంతున్నాయో అదే చూసుకుని అదే ఆఫీసుకి పంపిద్ది" అన్నాడు. "మరి నువ్వు దిగి చూడవా?" అన్నాను. "నేనెందుకండీ, అది చూస్తది గదా" అని నవ్వాడు. తప్పు పట్టడానికి నాకేం అర్హత ఉంది? ఆ పెట్టెకు భయం లేదు, తొందర లేదు. దానికి అందుకోవలసిన బస్సు లేదు.

మా నాన్న యోహాను ఆ లాకుల మీద లస్కరు. అంటే తలుపులు ఎత్తడం, దించడం, మరలకు గ్రీజు పూయడం, తలుపులకు అడ్డం పడే గుర్రపుడెక్కను పొడవాటి కొక్కెం గెడతో లాగేయడం, అన్నిటికంటే ముఖ్యంగా పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కాలువలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. చెప్పడానికి చిన్న పనే. కానీ మా ఇంట్లో రోజంతా ఆ రెండు ఆరు గంటల చుట్టూనే తిరిగేది. అమ్మ అన్నం వార్చడం, చేపల పులుసులో చింతపండు పిసకడం, మేము చదువుకు కూర్చోవడం, అన్నీ "నీళ్లు చూడకముందు", "నీళ్లు చూశాక" అనే లెక్కలోనే సాగేవి. ఇల్లంతా గ్రీజు వాసన, తడి గోనెసంచుల వాసన, కాలువ మట్టి వాసన. అమ్మ ఎంత సబ్బు రుద్దినా నాన్న ఖాకీ చొక్కాలోంచి ఆ మూడు వాసనలూ పోయేవి కావు. ఆదివారం తెల్ల చొక్కా తొడిగితే ఆయన మాకే కొత్తగా కనిపించేవాడు.

ఆయన నీళ్లు చూసే తీరు వేరే లస్కర్లకు వేళాకోళంగా ఉండేది. గట్టు మీద నుంచి చూసి చెప్పొచ్చు. ఆయన చెప్పేవాడు కాదు. పదకొండు మెట్లు దిగేవాడు. గేజీ పలక మీద పట్టిన నాచును అరచేత్తో తుడిచేవాడు. తర్వాత చూపుడువేలు నీళ్లకు తగిలించి, ఆ వేలి దగ్గరున్న అంకె చదివేవాడు. ఎందుకంటే రాత్రి నీళ్లు తగ్గినా పలక మీద నిన్నటి తడి అలాగే ఉంటుంది. మసక వెలుతురులో, మట్టిరంగు నీళ్ల మీద, ఆ తడి గీతే నీటి అంచులా కనిపిస్తుంది. "తడిని నమ్మకూడదమ్మా. తడి నిన్నటి మాట చెప్తది. వేలికి నీళ్లు తగలాల్సిందే" అనేవాడు. వేలు తగిలాక పైకి చూసి గట్టిగా అరిచేవాడు. "మూడుంపావు!" వంటింట్లోంచి అమ్మ అంతే గట్టిగా "మూడుంపావు!" అని పలికేది. అమ్మ పలికితేనే ఆయన మెట్లెక్కేవాడు. చేతులు కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని, సిరా పెన్నుతో రాసేవాడు. పెన్సిలు ముట్టుకునేవాడు కాదు. ఏ మాటైనా ఇద్దరు సాక్షుల నోట స్థిరపడాలని వాక్యంలో ఉంది కదా, మరి కాలువ మాటకు మాత్రం ఒక్కడు చాలునా అనేవాడు. అమ్మ పులుసు కలుపుతూ, "నేను చూసింది లేదు పెట్టింది లేదు, నన్నెందుకయ్యా సాక్ష్యంలోకి లాగుతావు" అని సణిగేది. "నువ్వు వింటున్నావని తెలిస్తే నా నోటికి అబద్ధం రాదే" అనేవాడు ఆయన.

ఆ పుస్తకంలోని అంకెల వల్ల ఆయన సుఖపడింది లేదు. ఒకసారి సూపర్‌వైజరు గారు మోటారు సైకిలు మీద వచ్చి గట్టు మీదే నిలబడి కోప్పడ్డారు. "ఏంటయ్యా యోహానూ, పై లాకులోళ్లు మూడు రాశారు. కింది లాకులోళ్లు మూడు రాశారు. మధ్యలో నువ్వొక్కడివే రెండున్నర రాస్తే, ఆ అర అడుగు నీళ్లు నీ దగ్గరికొచ్చి గొయ్యి తవ్వుకుని దాక్కున్నాయా?" నాన్న చేతులు కట్టుకుని, "ఏమోనండి. నాతో రెండున్నరే అని చెప్పాయండి. వాళ్లతో ఏం చెప్పాయో నాకు తెలవదండి" అన్నాడు. లోపల అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నాకింకా గుర్తు. ఆ తర్వాత నాన్నకు రెండేళ్లు ప్రమోషను రానివ్వలేదు. అయితే శివారు పాలెం రైతులు ఒక్క ఆయన అంకెనే నమ్మేవాళ్లు. కాలువ చిట్టచివర ఉన్న ఊరు అది. మా గేజీలో మూడు అడుగులు దాటితేనే నీళ్లు వాళ్ల పొలాల పిల్లకాలువకు, బోదెకు, ఎక్కుతాయి. దాటకపోతే చుక్క రాదు. తెల్లవారితే వాళ్లలో ఎవరో ఒకరు సైకిలు మీద వచ్చి వంతెన మీద ఆగి, "యోహాను బావా, ఎంత?" అని అడిగి, విన్న అంకెను బట్టి ఆ రోజు పని పెట్టుకునేవాళ్లు.

వాళ్లలో అబ్రహాం మావయ్య పెద్దవాడు, దానియేలు మావయ్య ఆయన తమ్ముడు. ఎదురెదురు ఇళ్లు, ఒకే బోదె మీద పొలాలు. తమ్ముడి పొలం పైన, అన్న పొలం కింద. లాకుల పక్కనున్న మా మందిరానికి ఇద్దరూ కలిసి నడిచి వచ్చేవాళ్లు. అబ్రహాం మావయ్య పాట ఎత్తితే దానియేలు మావయ్య డోలక్కు వాయించేవాడు. ఆయన వేళ్లు పడితే ముసలమ్మల తలలు కూడా వాటంతట అవే ఊగేవి. "మా తమ్ముడు వాయిస్తుంటే నాకు ఎక్కడ ఆపాలో తెలవదు, అందుకే అయ్యగారి ప్రసంగం పొట్టిదైపోతుంది" అని అబ్రహాం మావయ్య నవ్వేవాడు.

అమ్మ పోయిన రెండో ఏడు. అప్పటికి వంటింట్లోంచి పలకడం నా పనైంది. విజయవాడ కాలేజీలో సీటు కోసం నేను వెళ్లవలసిన రోజు. గట్టు మీదకు ఆరుంపావుకు మొదటి బస్సు. అది తప్పితే ఆ రోజుకు పేరు పిలిచే వేళ దాటిపోతుంది. ముందు రాత్రి నుంచి నాన్నకు విపరీతమైన జ్వరం. మంచం మీద నుంచి లేవబోయి మళ్లీ పడిపోయాడు. "రత్నం, ఈ పూటకు నువ్వు దిగి చూడమ్మా. నేను పలుకుతాను" అన్నాడు. నేను అప్పటికే తెల్ల ఓణీ వేసుకుని ఉన్నాను. అమ్మ చీర చించి కుట్టుకున్న ఓణీ అది. నాలుగు మెట్లు దిగాను. కింది మెట్ల మీద నాచు పచ్చగా మెరుస్తోంది. దూరంగా మలుపులో బస్సు హారను వినిపించింది. అక్కడే ఆగి వంగి చూశాను. పలక మీద మూడున్నర దగ్గర నల్లటి అంచు కనిపించింది. నేను నాచు తుడవలేదు. వేలు తగిలించలేదు. "మూడున్నర!" అని అరిచాను. జ్వరంతో వణుకుతున్న గొంతుతో నాన్న లోపలి నుంచి "మూడున్నర!" అని పలికాడు. ఆయన తలగడ పక్కనున్న పుస్తకంలో నేనే సిరాతో రాశాను. గట్టెక్కేసరికి వంతెన మీద అబ్రహాం మావయ్య సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. "ఎంతమ్మాయ్?" అన్నాడు. "మూడున్నర మావయ్యా!" ఆయన ముఖం వెలిగిపోయింది. "ప్రభువుకు స్తోత్రం! ఈ రోజు నారు పీకించేస్తాను. నువ్వెళ్లి సీటు తెచ్చుకో, నేను వెళ్లి నాట్లు వేయించుకుంటాను" అని బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. నేను పరుగెత్తి బస్సెక్కాను.

సాయంత్రం సీటుతో తిరిగి వచ్చాను. నాన్నకు జ్వరం దిగలేదు. ఆరింటికి నేనే మెట్లు దిగాను. ఈసారి పదకొండూ దిగాను. నీళ్లు రెండుంపావు దగ్గర ఉన్నాయి. ఆ చివరి మూడు మెట్ల మీద ఎర్ర బురద ఎండి పొరలుగా లేచి ఉంది. పొద్దున అక్కడ నీళ్లుంటే సాయంత్రానికి అది అంతగా ఎండదు. పలక మీద పైనున్న నాచు పొడిపొడిగా రాలింది. ఆ నీళ్లు పగలు తగ్గినవి కావు. రాత్రే తగ్గిపోయాయి. పొద్దున నేను చూసింది నీళ్లు కాదు. నిన్నటి తడి. "ఎంతమ్మా?" అని లోపలి నుంచి నాన్న. "రెండుంపావు." "రెండుంపావు... అంతలోనే అంత తగ్గాయా? పగలు పైన ఆపేసి ఉంటారులే" అన్నాడు. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన ఆ జ్వరంలోనే లేచి పుస్తకంలో కొట్టేసి, పక్కన ఉన్నదున్నట్టు రాసేవాడు. నాకు ఆయన కోపం మీద భయం లేదు, ఆయనెప్పుడూ నన్ను కొట్టింది లేదు. నా కూతురు చూడనిది రాసిందని ఆయన ముఖం ఎలా అయిపోతుందో, అది చూడలేక ఊరుకున్నాను.

అక్కడ పాలెంలో అబ్రహాం మావయ్య పొద్దున్నే నారుమడి అంతా పీకించాడు. కట్టలు కట్టించి పొలమంతా వేయించాడు. నాట్లేసే ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని, రాని నీళ్ల కోసం సాయంత్రం దాకా ఎదురు చూశారు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజుకు నారు కట్టలు పండుబారి ఒరిగిపోయాయి. ఒకసారి పీకిన నారు మళ్లీ పాతుకోదు. ఆయన చుట్టూ చూసేసరికి, పైనున్న తమ్ముడి పొలంలో మాత్రం మెరక పక్క పల్లంలో తడి మెరుస్తోంది. యోహాను బావ లెక్క ప్రకారం నీళ్లు వచ్చాయి. వచ్చిన నీళ్లు తన దాకా రాలేదు. అంటే మధ్యలో ఎవరో మళ్లించుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద. దానియేలు మావయ్య డోలక్కు ఇంకా ఒళ్లోనే ఉంది. "నేను గండి కొట్టలేదన్నా. ఆ పల్లంలో ఉంది మొన్నటి నీళ్ల చెమ్మ. నా పొలంలో తడుంది గానీ నీళ్లు లేవు. వచ్చి కాలు పెట్టి చూడు" అన్నాడు. అబ్రహాం మావయ్య తమ్ముడి వైపు చూడకుండానే అన్నాడు. "నాకు నీ పొలంలో కాలు పెట్టే పని లేదురా. బావ పుస్తకం తెప్పించండి అయ్యగారూ. అందులో నీళ్లు లేవని ఉంటే, వీడి కాళ్లు పట్టుకుంటాను." నాన్న వెళ్లి తుండుగుడ్డలో చుట్టి పుస్తకం తెచ్చాడు. నిలబడి చదివాడు. "పొద్దున మూడున్నర, సాయంత్రం రెండుంపావు." మందిరంలో గుసగుస లేచింది. అయ్యగారు నెమ్మదిగా, "యోహానూ, ఆ రోజు నీకు జ్వరమని విన్నాను" అన్నారు. "అవునయ్యగారూ. మా అమ్మాయి చూసింది, నేను పలికాను. ఇద్దరి సాక్ష్యం ఉంది" అన్నాడు నాన్న. అందరి తలలూ నా వైపు తిరిగాయి. దానియేలు మావయ్య కూడా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనేదో కాపాడతానన్నట్టు చూశాడు. "ఏమ్మా, దిగి చూశావా?" అని అయ్యగారు అడిగారు.

"చూశానండి" అన్నాను.

దేవుని మందిరంలో, దేవుని బల్ల ఎదురుగా, ఆ మాట అన్నాను. ఒక్క మాట. తప్పు ఒప్పుకునేదాకా దానియేలు మావయ్యను ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షారసాలకు, దూరంగా ఉంచాలని పెద్దలు తీర్మానించారు. ఒప్పుకుంటే వచ్చే నెలకే మళ్లీ కలుపుకుంటామని అయ్యగారు ప్రేమగానే చెప్పారు. ఆయన డోలక్కును చాప మీద మెల్లగా పెట్టాడు. "చేయనిదాన్ని చేశానంటే అది ఇంకో పాపమవుద్ది కదా అయ్యగారూ" అని లేచి బయటకు నడిచాడు. ఆ డోలక్కు మందిరం గోడకు చాలా ఏళ్లు వేలాడింది. తోలు వదులైపోయినా ఎవరూ బిగించలేదు.

నేను చదువుకున్నాను. విజయవాడలో తాగేనీళ్లు పరీక్ష చేసే ఒక లాబులో చేరాను, అక్కడే రిటైరయ్యాను. నా కంటితో చూడని శాంపిలు మీద ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. వన్ టౌన్ సందుల్లో ఎండలో కుళాయి కుళాయికీ నేనే వెళ్లి సీసాలు పట్టాను. "ఈ ఒక్క రిపోర్టూ బాగుందని రాసేయండి మేడమ్" అని పైవాళ్లు అడిగితే రాయలేదు. "రత్నకుమారి మేడమ్ దగ్గరికి దేవదూత వచ్చినా, ముందు శాంపిల్ చూపించమంటారు" అని పిల్లలు నవ్వుకునేవాళ్లు. నాన్నకు ఈ సంగతులు చెబితే పొంగిపోయేవాడు. మంచంలో ఉన్న ఆఖరి రోజుల్లో కూడా వచ్చినవాళ్లందరికీ "మా అమ్మాయి చూడంది రాయదు" అని చెప్పేవాడు. అలా నమ్మే పోయాడు. అది దేవుడు ఆయనకు చూపిన దయో, నాకు వేసిన శిక్షో నాకు తెలియదు. రిటైరైన రోజు నాకు శాలువా కప్పి నిజాయితీ గురించి చాలా మాట్లాడారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత విప్పలేదు. ఒక దొంగిలించిన మాట మీద ఇల్లు కట్టుకుని, ఆ ఇంటికి రోజూ సున్నం కొట్టినదాన్ని నేను. పని శ్రద్ధగా చేస్తే మనసుకు సమాధానం దొరుకుతుందని కూడికల్లో చెప్పేదాన్ని. శ్రద్ధ దొరికింది. సమాధానం మాత్రం నేను లాకుల మెట్ల మీద వదిలేసిన చోటే ఉండిపోయింది.

లాకుల నుంచి ఆటోలో పాలెం వెళ్లాను. మార్తమ్మ అత్తయ్య, అబ్రహాం మావయ్య భార్య, వసారాలో కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి, "యోహానన్నయ్య కూతురివి కదూ, వచ్చావామ్మా" అని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను కింద కూర్చుని అంతా చెప్పాను. తెల్ల ఓణీ, నాచు, బస్సు హారను, ఏదీ దాచలేదు. ఆమె చేతులు మినుముల మీదే ఆగిపోయాయి. ఎదురింటి వైపు చూసింది.

"మీ మావయ్య పోయి తొమ్మిది రోజులమ్మా" అంది. "తొమ్మిది రోజుల ముందు రాలేకపోయావా?"

చేటలోంచి జారిన మినుములు ఏరి మళ్లీ అందులో వేశాను.

"మీ నాన్న పుస్తకంలో ఉందంటే ఇంక అదే నిజం అన్నాడు ఆయన. సొంత తమ్ముడు వచ్చి ఒట్టేసినా నమ్మలేదు. ఇద్దరి మధ్యా ఈ సందు, పది అడుగులుండదు. నలభై ఏళ్లు దాటలేదు. మీ మావయ్య శవపెట్టె లేచేటప్పుడు మరిది వాళ్ల గుమ్మంలోనే నుంచున్నాడు. రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అందరూ వచ్చేశాక సమాధుల దొడ్డికి ఒక్కడే వెళ్లి మట్టేసి వచ్చాడంట." చేట పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి లేచింది. "నాకు చెప్తే సరిపోద్దా? పద."

ఆమె ఆ సందు దాటడం చూసి ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. దానియేలు మావయ్య అరుగు మీద కొబ్బరి ఈనెలు చీలుస్తున్నాడు. మనిషి ఎండిపోయాడు గానీ వేళ్లు అవే. వదినను చూసి కత్తి కింద పెట్టేశాడు. నేను నిలబడే చెప్పాను. ఆయన అంతా అయ్యాక అడిగాడు.

"అయితే ఆ రోజు నీళ్లు రాలేదా?"

"రాలేదు చిన్నమావయ్యా."

"నేను తీసుకోలేదు."

"తీసుకోలేదు."

ఆయన ఈనెలు దగ్గరకు చేర్చి, కట్ట కట్టి, మళ్లీ విప్పాడు. "మరి అమ్మాయ్, ఆ పొద్దున నీ బస్సు దొరికిందా?"

"దొరికింది."

"పోనీలే" అన్నాడు. "అదన్నా దొరికింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను కాళ్ల మీద పడబోతే పక్కకు జరిగాడు. "ఇవన్నీ నాకెందుకమ్మా? నేను తీయలేదని నాకు ముందే తెలుసు. నువ్వు అక్కడ అన్నావు, అక్కడే అను. ఆదివారం మందిరంలో చెప్పు." మీరూ వస్తారా అని అడిగాను. "నేనెప్పుడు మానాను? ప్రతి ఆదివారం మందిరం బయట, కాలువ గట్టు మీద కూర్చుంటాను. పాటలు వినపడతాయి. వాక్యం సగం వినపడద్ది, సగం గాలికి పోద్ది. నువ్వు మాత్రం గట్టిగా చెప్పు. బయటికి వినపడాలి." పక్కన మార్తమ్మత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని, "చెప్పమ్మా. చెప్తే నేను లోపల నుంచి పలుకుతాను" అంది. ఆమెకు తెలియకుండానే ఆ మాట మా అమ్మ గొంతులా వినిపించింది.

తిరుగు బస్సులో లాకులు దాటుతుంటే ఒక్కటే అనిపించింది. చూడంది రాయకూడదన్న మా నాన్న మాటను ఆయన కూతురినైన నేను నిలబెట్టలేదు. నలభై ఏళ్లు నిలబెట్టినవాడు ఆ గట్టు మీద కూర్చున్నాడు. ఒక్క అబద్ధం ఒప్పుకుంటే రొట్టె, ద్రాక్షారసం, డోలక్కు, అన్న, అన్నీ తిరిగొచ్చేవి. ఆయన ఒప్పుకోలేదు. మేమంతా లోపల పాడుతున్నాం, బల్ల దగ్గర చేతులు చాస్తున్నాం. పరిశుద్ధత బయట ఎండలో కూర్చుంది.

ఈ ఆదివారం నేను ఆ చాపల మధ్య నిలబడాలి. అప్పటి పెద్దల్లో ఎవరూ లేరు. అయ్యగారూ లేరు. అబ్రహాం మావయ్య లేడు, వింటే గుండె పగిలిపోయే మా నాన్న లేడు. చదివే మీరు ఎవరైనా, ఏ ఊరివారైనా, ఆ పూట ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కూడా అడగండి. తండ్రీ, ఈమె చూసిందే చెప్పనివ్వు. ఈమె గొంతు వణకనీ గానీ తగ్గనివ్వకు. తలుపులన్నీ తెరిపించు, గాలిని ఆపు. గట్టు మీద కూర్చున్న ఆ ముసలాయన దాకా ఆ మాట చేరనివ్వు.